నడుము బాగానే ఉంది, కాలే లాగేస్తోంది. నరం నొక్కుకుందట, ఆపరేషన్ తప్పదా?

మిర్చియార్డు_గుమాస్తా
నాకు 41 ఏళ్లు. గుంటూరు మిర్చియార్డులో ఒక కమీషన్ కొట్టులో లెక్కలు రాస్తాను. బరువులెత్తే పని నాది కాదు. అయిదు వారాల కిందట హమాలీలు భోజనానికి వెళ్లినప్పుడు లారీ వెనక్కి వస్తుంటే, దారికి అడ్డంగా ఉన్న ఒక్క టిక్కీని (మిర్చి బస్తాను) వంగి పక్కకు లాగాను. నడుములో కలుక్కుమంది. రెండు రోజులు పట్టేసి వదిలింది. హమ్మయ్య అనుకునేలోపు ఎడమ పిర్రలో మొదలై, తొడ వెనకగా, పిక్క మీదుగా చిటికెన వేలి దాకా తీగ లాగినట్టు నొప్పి పట్టుకుంది. దగ్గితే, తుమ్మితే కరెంటు కొట్టినట్టు కాలిలోకి దిగుతుంది. మొన్న యార్డులో నడుస్తుంటే ఎడమ చెప్పు ఊడిపోయింది. పది అడుగులు వేశాక వెనక నుంచి టీ కుర్రాడు పిలిచి చెబితే గాని నాకు తెలియలేదు.

ఎంఆర్ఐ తీయించాను. ఎల్5-ఎస్1 దగ్గర, అంటే నడుము చివరి పూసకూ దాని కింది ఎముకకూ మధ్య, మెత్తలా ఉండే డిస్కు పొడుచుకు వచ్చి ఎడమ ఎస్1 నరం మొదలును నొక్కుతోందని రాశారు. పైన ఇంకో రెండు డిస్కులు ఉబ్బాయట, ఎండిపోతున్నాయట. ఒక డాక్టరు ఆరు వారాలు మందులు వాడి చూద్దామన్నారు. ఇంకొకరు రిపోర్టు చూసి, నన్ను ముట్టుకోకుండానే, ఆలస్యం చేస్తే కాలు పడిపోతుంది, సోమవారం వచ్చి చేరిపొమ్మన్నారు. మా బావమరిది వావిలాకు కాపడం అంటున్నాడు.

నడుములో నొప్పే లేనప్పుడు జబ్బు నడుములో ఎలా ఉంటుంది? 41 ఏళ్లకే మూడు డిస్కులు పోయాయంటే ఇక నా పని అయిపోయినట్టేనా? సోమవారం వెళ్లాలా, వద్దా?

నల్లరేగడి
తూము దగ్గర చెత్త అడ్డం పడితే ఎండేది చివరి ఆయకట్టు. తూము పక్క మడి పచ్చగానే ఉంటుంది. మీ చిటికెన వేలు చివరి ఆయకట్టు.

రిపోర్టు_చించేశాను
సోమవారం ఎక్కడికీ వెళ్లకండి. మనిషిని ముట్టుకోకుండా ఫిల్ము చూసి కత్తి తీసేవాళ్ల దగ్గరికి అసలే వద్దు. మూడు డిస్కులు పోలేదు, భయపడకండి. 1994లో అమెరికాలో నడుము నొప్పే లేని 98 మందికి ఎంఆర్ఐ తీశారు. న్యూ ఇంగ్లండ్ జర్నల్ అనే వైద్య పత్రికలో వచ్చింది. వాళ్లలో 52 శాతం మందికి కనీసం ఒక డిస్కు ఉబ్బి ఉంది. 27 శాతం మందికి పొడుచుకొచ్చి కూడా ఉంది. హాయిగా తిరుగుతున్నవాళ్లే అందరూ. నెత్తిన జుట్టు నెరిసినట్టే డిస్కు ఎండుతుంది. నెరిసిన జుట్టుకు ఎవరైనా ఆపరేషన్ చేస్తారా?

సందేహాలరావు
నాకు జుట్టే లేదు. నా డిస్కుల సంగతి చెప్పండి.

ఫిజియో_ఓరుగల్లు
నల్లరేగడి గారి తూము లెక్క సరిగ్గా కుదిరింది. కొంచెం పొడిగిస్తాను. పాదం బయటి అంచు నుంచి, చిటికెన వేలి నుంచి కబురు మెదడుకు చేరే దారి ఎస్1 నరం. ఆ దారిలో ఎక్కడ నొక్కినా, కబురు పాదం నుంచే వచ్చిందనుకుంటుంది మెదడు. అందుకే నడుము నిమ్మకు నీరెత్తినట్టు ఉంటే పాదం గోల పెడుతుంది.

ఒక్కో నరానికి ఒక్కో దారి ఉంది. ఎల్4 అయితే తొడ ముందు నుంచి మోకాలి మీదుగా పిక్క లోపలి వైపు. ఎల్5 అయితే కాలి బయటి వైపుగా వచ్చి పాదం మీద నుంచి బొటనవేలికి. ఎస్1 అయితే వెనక పిక్క, మడమ, చిటికెన వేలు. మీరు చెప్పిన నొప్పి ఎస్1 దారిలోనే నడుస్తోంది, రిపోర్టూ ఎస్1 అనే అంటోంది. మీ ఒంట్లో కనిపించేదీ ఫిల్ములో కనిపించేదీ కలిశాయి కాబట్టి ఆ ఒక్క చోటును నమ్మవచ్చు. పైన ఉబ్బిన రెండు డిస్కులకు మీ నొప్పితో సంబంధం కనపడటం లేదు, వాటిని మరిచిపొండి. కానీ రిపోర్టు_చించేశాను గారు అన్నట్టు ఫిల్మును మొత్తంగా కొట్టిపారేయలేం.

ఇప్పుడు ఒక పని చేయండి. గోడ పట్టుకుని ఎడమకాలి మీద ఒక్కటే నిలబడి, మడమ లేపి మునివేళ్ల మీదికి లేవండి. పది సార్లు. తర్వాత కుడికాలితో. ఆ తర్వాత రెండు మడమల మీద నాలుగు అడుగులు నడవండి. ఏమైందో ఇక్కడ రాయండి.

సందేహాలరావు
ఈసారి నిజంగానే సందేహం. జారింది ఎల్5-ఎస్1 మధ్య డిస్కు అయితే నొక్కుకోవాల్సింది ఎల్5 నరం కదా? ఎస్1 ఎందుకు?

ఫిజియో_ఓరుగల్లు
బస్సులో తర్వాతి స్టాపులో దిగాల్సినవాడు ముందే వచ్చి తలుపు దగ్గర నిలబడతాడు చూడండి, తోపులాటలో మోచేయి తగిలేది అతనికే. ఎల్5 నరం ఆ డిస్కుకు కాస్త పైనే పక్కకు తిరిగి బయటికి వెళ్లిపోతుంది. దాని కింద దిగాల్సిన ఎస్1 అప్పటికే ఆ డిస్కు వెనకకు వచ్చి నిలబడి ఉంటుంది. డిస్కు మరీ పక్కకు పొడుచుకొస్తే ఎల్5కే తగులుతుంది, అది అరుదు.

‘జారడం’ అన్న మాట కూడా నాకు నచ్చదు. డిస్కు సబ్బుబిళ్ల కాదు జారడానికి. పైపూసకూ కిందిపూసకూ గట్టిగా అతుక్కుని ఉంటుంది. పూర్ణం బూరెను తలచుకోండి. బయట గట్టి పొర, లోపల మెత్తటి పదార్థం. పొర చిట్లితే పూర్ణం బయటికి వస్తుంది. నడుములో వచ్చేది వెనక వైపు, కొంచెం పక్కకు. సరిగ్గా అక్కడే నరం ఉంటుంది.

సందేహాలరావు
మా ఇంట్లో వేసే బూరెలన్నీ ఎల్5-ఎస్1లే.

మిర్చియార్డు_గుమాస్తా
కుడికాలితో పదీ అయ్యాయి. ఎడమతో ఏడు, ఎనిమిదోది సగం. ఆ తర్వాత పిక్క వణికింది. మడమల మీద నడవగలిగాను. కొట్టులో అందరూ చూసి నాట్యం నేర్చుకుంటున్నావా అన్నారు. మరి ఏడున్నరే అంటే కాలు పడిపోతున్నట్టేనా?

రాత్రిడ్యూటీ
స్టాఫ్ నర్సును, క్యాజువాల్టీలో పదకొండేళ్లు. కాలు పడిపోవడం గురించి భయపెట్టేవాళ్లు అసలు భయపడాల్సినవి చెప్పరు. గుమాస్తా గారూ, వీటికి సూటిగా జవాబు చెప్పండి. మూత్రం మామూలుగా వస్తోందా? వస్తున్నట్టు తెలుస్తోందా? మలవిసర్జన మీద పట్టు ఉందా? పీట మీద కూర్చుంటే పీటకు ఆనే భాగమంతా మొద్దుబారిందా? నొప్పి రెండో కాలికి కూడా పాకిందా? బలం రోజురోజుకూ తగ్గుతోందా? జ్వరం, బరువు తగ్గడం, పడుకున్నా తగ్గని రాత్రి నొప్పి ఉన్నాయా? ఇదివరకు క్యాన్సర్‌కు గాని, క్షయకు గాని మందులు వాడారా?

ఎందుకు అడుగుతున్నానంటే, పోయినేడు ఒక మేస్త్రీని తీసుకొచ్చారు. రెండు కాళ్లూ తిమ్మిరి. పొద్దుటి నుంచి మూత్రం రాలేదు. నొప్పి మాత్రల వేడి చేసిందనుకుని సాయంత్రం దాకా సబ్జా నీళ్లు తాగుతూ కూర్చున్నారు. గొట్టం వేస్తే లీటరు దాకా వచ్చింది. వెన్నుపాము నడుము మొదట్లోనే, సుమారుగా ఎల్1-ఎల్2 దగ్గర అయిపోతుంది. ఆ కింద ఉండేవి గుర్రం తోకలా వేలాడే నరాల కట్ట. పెద్ద ముక్క ఆ కట్టనంతా నొక్కితే జరిగేది ఇదే. ఆరు వారాలు చూద్దాం అనే మాట అక్కడ చెల్లదు. గంటల లెక్క. ఒకటి రెండు రోజుల్లోపు ఒత్తిడి తీసేయాలి, లేకపోతే మూత్రం మీద పట్టు తిరిగి రాకపోవచ్చు. ఆయనకు ఆ రాత్రే ఆపరేషన్ అయింది. నడక వచ్చింది. మూత్రం గొట్టం మాత్రం నాలుగు నెలలు ఉంది.

మిర్చియార్డు_గుమాస్తా
చదివి చెమటలు పట్టాయి గాని, వాటిలో ఏదీ లేదు. మూత్రం బాగానే వస్తోంది. రెండో కాలు బాగుంది. జ్వరం లేదు. బరువు తగ్గడం మా ఆవిడ కలలో మాట.

రాత్రిడ్యూటీ
అయితే సోమవారం కొంప మునగదు. ఏడున్నర అన్నది రాసి పెట్టుకోండి. అది మూడుకు, రెండుకు పడిపోతే ఆలోచించకుండా వెళ్లండి.

పెరటిమందు
ఇంత మాట్లాడారు, ఒక్కరూ ఆయన బావమరిదిని గౌరవించలేదు. ఆయుర్వేదంలో దీన్ని గృధ్రసి అంటారు. గృధ్రం అంటే గద్ద. ఈ నొప్పి ఉన్నవాడు గద్ద నేల మీద నడిచినట్టు ఒక పక్కకు ఒరిగి నడుస్తాడని ఆ పేరు పెట్టారని చెబుతారు. ఎంఆర్ఐ లేని రోజుల్లో నడక చూసి కనిపెట్టారు, అది గమనించండి. వావిలాకు నీళ్ల కాపడం, ఆముదం రాసి ఉప్పు మూట. మా నాన్నగారు దీంతోనే లేచి తిరిగారు.

డల్లాస్_తమ్ముడు
మీ నాన్నగారు ఏమీ చేయకపోయినా లేచి తిరిగేవారేమో. చాలామందికి ఆరు నుంచి పన్నెండు వారాల్లో దానంతట అదే తగ్గుతుంది. ఆ సమయంలో ఏది వాడితే పేరు దానికి వస్తుంది.

పెరటిమందు
అలాగైతే మీ డాక్టర్ల మందులకూ అదే లెక్క.

డల్లాస్_తమ్ముడు
ఒప్పుకుంటాను. ఆ మాట నిజమే.

కుట్టుమిషను
కాపడంతో హాయిగా ఉంటుంది, కాదనను. కానీ తిమ్మిరి ఉన్న చోట వేడి పెట్టేటప్పుడు జాగ్రత్త. మా మామగారికి చక్కెర వ్యాధి ఉంది, పాదాలు మొద్దుబారి ఉన్నాయి. ఉప్పు మూట కాలుతోందని ఆయనకు తెలియలేదు. బొబ్బ లేచి, పుండై, మానడానికి మూడు నెలలు పట్టింది. గుమాస్తా గారికి చెప్పు ఊడినా తెలియలేదంటున్నారు. నడుముకు పెట్టుకోండి, పాదానికి వద్దు.

పెరటిమందు
ఈ మాటకు నేను తల వంచుతాను. ముందు మంచి కాలికో, చేతికో ఆనించి చూసుకోవాలి.

పాత_సైకిలు
కాపడాల దగ్గర ఆగిపోయారు. మా ఊళ్లో నడుము పట్టేస్తే ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లను వెతికి వాళ్ల చేత తన్నించుకునేవారు. మా మేనత్త అలా పుట్టింది. పొద్దున్నే వాకిట్లో ఇద్దరు ముగ్గురు బోర్లా పడుకుని ఉండేవారు. ఆమె పాలు పితికి వచ్చి వరసగా తన్నుకుంటూ లోపలికి పోయేది.

ఫిజియో_ఓరుగల్లు
నరం నొక్కుకున్నవాళ్లు మాత్రం ఆ వాకిట్లో పడుకోకండి, దండం పెడతాను. నడుము తొక్కించుకుని మర్నాడు పాదం ఎత్తలేక వచ్చినవాళ్లను చూశాను.

సందేహాలరావు
పుత్తూరు కట్టు కట్టించుకుంటే?

ఫిజియో_ఓరుగల్లు
ఆయనకు ఎముక ఏమైనా విరిగిందా?

కుట్టుమిషను
నా సంగతి కూడా చెబుతాను, నరం నొక్కుకోవడం అనగానే అందరూ వెన్నే అంటున్నారు కాబట్టి. ముప్ఫై ఏళ్లుగా బట్టలు కుడుతున్నాను. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిర్లు. మెడ ఎక్స్‌రే తీసి పూసలు అరిగాయి, అక్కడ నరం నొక్కుకుంది అన్నారు. నాలుగు నెలలు మెడకు పట్టీ వేసుకుని మిషను తొక్కాను. తల వంచకుండా జాకెట్టు కుట్టడం ఎలా ఉంటుందో ఎవరికైనా తెలుసా? సూదిలో దారం ఎక్కించడానికి మనవరాలిని పిలిచేదాన్ని.

చివరికి ఒక చిన్న వయసు డాక్టరమ్మ ఒక్క ప్రశ్న అడిగింది: ‘రాత్రి తిమ్మిరితో మెలకువ వచ్చి చెయ్యి విదిలించుకుంటారా?’ అవును, రోజూ. మణికట్టు మీద వేలితో తట్టింది, నడిమివేలి దాకా జివ్వుమంది. నరాల పరీక్ష చేయిస్తే నొక్కుకున్నది మణికట్టులో. మెడ పూసల అరుగుదల ఉంది, ఈ వయసులో ఎవరికైనా ఉంటుంది. రాత్రిళ్లు మణికట్టుకు చెక్క పట్టీ కట్టుకుని పడుకున్నాను, రెండు నెలల్లో నిద్ర పట్టింది.

ఫిజియో_ఓరుగల్లు
ఇలాంటివి చాలా చూస్తాం. మెడ నుంచి వచ్చేదానికి కొన్ని గుర్తులు వేరు. తల వెనక్కి వాల్చి నొప్పి ఉన్న వైపు తిప్పితే చేతిలోకి సర్రున దిగుతుంది. ఆ చెయ్యి ఎత్తి నెత్తిన పెట్టుకుంటే కొందరికి హాయిగా ఉంటుంది. తిమ్మిరి బొటనవేలి వైపు అయితే మెడలోని సి6 నరం, నడిమివేలు అయితే సి7, చిటికెన వేలైతే సి8. ఎడమ చెయ్యి లాగుతూ ఛాతీ బరువుగా ఉండి చెమటలు పడితే మాత్రం మెడ గురించి ఆలోచించకండి, ముందు ఈసీజీ.

నల్లరేగడి
మా అమ్మది ఇంకో రకం. పత్తిలో పది రోజులు వరసగా గొంతుకు కూర్చుని కలుపు తీసింది. పదకొండో రోజు కుడి పాదం లేవలేదు. చెప్పు నేలకు ఈడ్చుకుంటూ వచ్చింది. నడుము నొప్పి లేదు, కాలు నొప్పీ లేదు. పాదం మీద చర్మం మొద్దుబారింది అంతే. నడుముకు ఎంఆర్ఐ తీయించమన్నారు, ఏడు వేలు. అందులో ఉబ్బులు కనిపించాయి, ఇంకేముంది, ఆపరేషన్ అన్నారు. రెండో చోట చూసినాయన మోకాలు కింద బయటి వైపు గుండ్రటి ఎముక దగ్గర నొక్కి, నరం ఇక్కడ నలిగింది, గొంతుకు కూర్చోవడం ఆపితే వస్తుంది అన్నారు. రెండున్నర నెలల్లో వచ్చింది. ఇప్పుడు చిన్న పీట వేసుకుని తీస్తోంది.

రిపోర్టు_చించేశాను
నేను మొదటి నుంచి చెబుతున్నది ఇదే కదా!

డల్లాస్_తమ్ముడు
మీరు చెబుతున్నది సగం. రెండో సగం నా దగ్గర ఉంది. నాకు 36 ఏళ్లప్పుడు ఎల్4-5లో పెద్ద ముక్క బయటపడింది. ఇక్కడ బీమా కంపెనీ ఆరు వారాలు ఫిజియో చేయించుకుంటే గాని ఎంఆర్ఐకి ఒప్పుకోదు. మీలాగే నేనూ ఫిల్ములను వెక్కిరించే రకం. మూడు నెలలు పళ్లబిగువున భరించాను. నిలబడి తినేవాణ్ని, కారులో పది నిమిషాలకు మించి కూర్చోలేను. ఒకరోజు మెట్లెక్కుతుంటే బొటనవేలు మెట్టు అంచుకు తగిలి బోర్లా పడ్డాను. పాదం పైకి రావడం లేదు. అప్పుడు చేయించుకున్నాను. అంగుళం గాటు, ముక్క తీసేశారు, మర్నాడు ఇంటికి. మత్తు దిగగానే కాలి నొప్పి లేదు. నమ్మలేక కాలు తడిమి చూసుకున్నాను. తిమ్మిరి మాత్రం ఎనిమిది నెలలు ఉంది. నరం తిరిగి పెరిగేది రోజుకు ఒక మిల్లీమీటరు లెక్కన, నడుము నుంచి పాదానికి ఎంత దూరమో కొలుచుకోండి అన్నారు సర్జన్.

2007లో నెదర్లాండ్స్ వాళ్లు 283 మందితో ఒక పరీక్ష చేశారు. సగం మందికి త్వరగా ఆపరేషన్, మిగతా సగం మందికి ముందు మందులు, తప్పకపోతేనే ఆపరేషన్. ఏడాది తిరిగేసరికి రెండు గుంపుల్లోనూ దాదాపు 95 శాతం మంది కోలుకున్నారు. తేడా ఏమిటంటే, ఆపరేషన్ వాళ్లకు నొప్పి త్వరగా పోయింది. ఆగినవాళ్లలో 39 శాతం మంది చివరికి ఆపరేషన్ చేయించుకున్నారు. దీన్ని మీరు మీ వైపు లాక్కోవచ్చు, నేను నా వైపు లాక్కోవచ్చు.

రిపోర్టు_చించేశాను
61 శాతం మంది కత్తి లేకుండా బయటపడ్డారు. నేను నా వైపే లాక్కుంటాను.

డల్లాస్_తమ్ముడు
ఆ 39 శాతం మందిని ఒకసారి రాత్రి రెండు గంటలకు అడిగి చూడండి.

మిర్చియార్డు_గుమాస్తా
ఇద్దరూ ఆగండి. బయటపడిన ముక్క మందులతో ఎలా పోతుంది? పూర్ణం తిరిగి బూరెలోకి వెళ్లదు కదా?

ఫిజియో_ఓరుగల్లు
వెళ్లదు. ఒళ్లే తినేస్తుంది. బయటపడిన ముక్కను శరీరం పరాయి వస్తువుగా చూస్తుంది, తెల్ల రక్తకణాలు వచ్చి కొంచెం కొంచెంగా అరగదీస్తాయి. తమాషా ఏమిటంటే, పొర దాటి పూర్తిగా బయటపడిన పెద్ద ముక్కలే ఎక్కువగా కరుగుతాయి, రక్తం తగులుతుంది కాబట్టి. కేవలం ఉబ్బిన డిస్కు అలాగే ఉండిపోవచ్చు. ఇంకో సంగతి, నొప్పి అంతా నొక్కుడు వల్లే కాదు. ఆ పదార్థం తగిలితే నరం వాచి మండుతుంది. ఆ మంట చల్లారితే, ముక్క అక్కడే ఉన్నా నొప్పి తగ్గుతుంది. వెన్నులోకి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షను చేసే పని ఇదే. కొన్ని వారాల ఉపశమనం, అంతకు మించి ఆశించకూడదు.

పాత_సైకిలు
ఒక పాత ముచ్చట. కాలి నొప్పికి ఈ డిస్కు ముక్కే కారణమని గట్టిగా చూపించింది 1934లో, బోస్టన్‌లో మిక్స్‌టర్, బార్ అనే ఇద్దరు డాక్టర్లు. అంతకు ముందు ఆ ముక్కలను గడ్డలనుకుని తీసేవారు. మా తాతగారికి ఈ నొప్పి వచ్చిన సంవత్సరమూ అదే. ఆయన మంచం నవారు బిగించుకుని సరిపెట్టుకున్నారు.

మిర్చియార్డు_గుమాస్తా
ఒక డాక్టరు నరాల నొప్పికని ప్రీగాబాలిన్ రాశారు. వేసుకుంటే బండి మీద ఊగుతున్నట్టు ఉంటోంది. నిన్న చిల్లర లెక్క రెండుసార్లు తప్పాను. మా సేటు చూపు బాగాలేదు.

రాత్రిడ్యూటీ
మత్తు, కళ్లు తిరగడం దాని గుణమే. ఆ మాత్ర వేసుకుని బండి నడపకండి. 2017లో ఆస్ట్రేలియాలో ఇలాంటి కాలి నొప్పి ఉన్న 209 మందితో చూశారు. మందు లేని ఉత్త బిళ్ల వేసుకున్నవాళ్ల కన్నా దీనితో నొప్పి ఎక్కువ తగ్గలేదు, కళ్లు తిరగడం మాత్రం ఎక్కువైంది. అలాగని మీరే ఆపేయకండి, కొన్నాళ్లు వాడాక ఒక్కసారిగా ఆపితే ఇంకో తలనొప్పి. రాసిన డాక్టరుకు ఊగుతున్న సంగతి చెప్పండి, మోతాదు మెల్లగా తగ్గిస్తారు. మందుల షాపు నుంచి నొప్పి బిళ్లలు నెలల తరబడి తెచ్చుకోవడం కూడా వద్దు. కిడ్నీలు మూగవి, చెప్పకుండా పోతాయి.

పాత_సైకిలు
ఇక నా గోడు. 72 ఏళ్లు. రెండు వందల అడుగులు నడిస్తే రెండు పిక్కలూ సీసం పోసినట్టు బరువెక్కుతాయి. ఏదో ఒక అరుగు మీద అయిదు నిమిషాలు కూర్చుంటే మళ్లీ మామూలే. మా వీధిలో ప్రతి అరుగూ నాకు చుట్టమే. విచిత్రం ఏమిటంటే సైకిలు మీద ఆరు కిలోమీటర్లు పోతాను, ఏమీ కాదు. సూపర్ మార్కెట్‌లో బండి తోసుకుంటూ గంట తిరుగుతాను. ఇంట్లోవాళ్లు నాటకం అన్నారు.

ఫిజియో_ఓరుగల్లు
నాటకం కాదు, పాఠ్యపుస్తకంలో రాసినట్టు ఉంది మీ కథ. వయసుతో వెన్ను లోపలి దారి ఇరుకవుతుంది. నిటారుగా నిలబడితే ఇంకా ఇరుకు, ముందుకు వంగితే కాస్త వెడల్పు. సైకిలు హ్యాండిలు మీదికి, తోపుడు బండి మీదికి వంగుతారు కదా, అందుకే హాయి. కాలికి రక్తం సరిగా అందకపోయినా నడిస్తే పిక్క పట్టేస్తుంది. అయితే వాళ్లకు కూర్చోనక్కరలేదు, ఊరికే నిలబడినా తగ్గుతుంది, సైకిలు తొక్కినా నొప్పి వస్తుంది. పాదం మీద నాడి ఒకసారి చూపించుకోండి, పొగ తాగేవారైతే తప్పనిసరిగా.

పాత_సైకిలు
చుట్ట 2009లో మానేశాను. నాడి చూపిస్తాను. ముందు మీ జవాబు ఇంట్లోవాళ్లకు చదివి వినిపిస్తాను.

మిర్చియార్డు_గుమాస్తా
మరి నేను ఇంట్లో ఏం చేయాలి? మా అత్తగారు నేల మీద చాప వేసి నెల రోజులు కదలకుండా పడుకోమంటున్నారు.

ఫిజియో_ఓరుగల్లు
వద్దు. మరీ భరించలేని నొప్పి ఉంటే ఒకటి రెండు రోజులు, అంతే. నెల పడుకుంటే కండ కరుగుతుంది, నరానికి ఒరిగేది లేదు. నేల మీదే పడుకోవాలన్న నియమమూ లేదు, మరీ గుంటపడే మంచం కాకపోతే చాలు. పక్కకు తిరిగి మోకాళ్ల మధ్య దిండు పెట్టుకోండి. అరగంటకోసారి లేచి కొట్టులో నాలుగడుగులు నడవండి.

ఒక్క వ్యాయామం చెబుతాను, మిగతాది మీ దగ్గరున్న ఫిజియో చూసి చెప్పాలి. బోర్లా పడుకుని మోచేతుల మీద ఛాతీ లేపి, పేపరు చదువుతున్నట్టు రెండు నిమిషాలు ఉండండి. ఆ రెండు నిమిషాల్లో నొప్పి ఎటు పోతోందో చూడండి. పాదంలోది పిక్కకు, పిక్కలోది పిర్రకు ఎక్కుతుంటే మంచిది. నడుము కొంచెం ఎక్కువ నొప్పి పెట్టినా సరే. కిందికి పాకుతుంటే వెంటనే ఆపేయండి, అది మీకు పడదు. తగ్గాక కూడా వంగి బరువులు లాగే సరదా మానండి. వంగుతూ నడుము తిప్పడమే బూరె పగలడానికి దారి.

రిపోర్టు_చించేశాను
నడుము బెల్టు?

ఫిజియో_ఓరుగల్లు
ప్రయాణంలో ఒక గంట వేసుకుంటే ధైర్యం. నెలల తరబడి వేసుకుంటే నడుము కండ పని మానేస్తుంది.

నల్లరేగడి
ఆపరేషన్ తప్పని పరిస్థితి వస్తే ప్రభుత్వ ఆరోగ్యశ్రీలో (ఆంధ్రలో ఇప్పుడు దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ) వెన్ను ఆపరేషన్లు కొన్ని ఉన్నాయి. ఆసుపత్రిలో ఆ పథకం బల్ల దగ్గర ముందే అడగండి, అడ్వాన్సు కట్టేశాక కాదు.

మిర్చియార్డు_గుమాస్తా
ఏడు వారాల తర్వాత వచ్చి రాస్తున్నాను. సోమవారం వెళ్లలేదు. మొదటి డాక్టరు దగ్గరికే వెళ్లాను. నన్ను పడుకోబెట్టి, కాలు చాపి ఎత్తారు, సగం ఎత్తేసరికే పిక్కలోకి లాగింది. మడమ వెనక సుత్తితో కొడితే కుడి పాదం ఎగిరింది, ఎడమది మొద్దులా ఉండిపోయింది. అన్నీ రాసుకుని, బలం తగ్గితే వెంటనే రండి, లేకపోతే మూడు వారాలకోసారి రండి అన్నారు. ప్రీగాబాలిన్ మెల్లగా ఆపించారు.

మొదటి పది రోజులు నరకం. ఒక రాత్రి డల్లాస్ తమ్ముడి పోస్టు మళ్లీ చదివి సోమవారం డాక్టరుకు ఫోను చేద్దామని నంబరు కూడా తీశాను. మూడో వారంలో నొప్పి పిక్క నుంచి తొడకు ఎక్కింది. ఇప్పుడు పిర్రలో ఉంది, పొద్దున లేవగానే కాసేపు పలకరించి పోతుంది. మునివేళ్ల లెక్క ఎడమతో పదకొండు. చిటికెన వేలు ఇంకా పరాయిదిగానే ఉంది. చెప్పుకు వెనక పట్టీ ఉన్నది కొనుక్కున్నాను. పోయిన వారం పట్టీ విడిపోయి చెప్పు జారితే నాకే తెలిసింది, టీ కుర్రాడు చెప్పక ముందే.

డల్లాస్_తమ్ముడు
మంచిది. ఫోను చేసి ఉన్నా నేను తప్పుపట్టేవాణ్ని కాదు.

పెరటిమందు
వావిలాకు వాడారా లేదా, అది చెప్పండి.

మిర్చియార్డు_గుమాస్తా
వాడాను. నడుముకే. బావమరిది ఊరంతా తన ఘనతే అని చెప్పుకుంటున్నాడు.

సందేహాలరావు
మరి యార్డులో అడ్డంగా ఉన్న టిక్కీలను ఇప్పుడు ఎవరు లాగుతున్నారు?

మిర్చియార్డు_గుమాస్తా
హమాలీలు భోజనం చేసి వచ్చే దాకా లారీయే ఆగుతోంది.